చీటీలో మూడో వాక్యం

జూన్ 1, ఆదివారం

జీపు ఇంటికొచ్చింది. నేనే నడిపి తెచ్చాను. క్వారీ మలుపు దగ్గర రెండో గేరు పడక ఒకసారి ఆగింది, అంతే. పక్కన నాన్న, వెనక అక్క, అక్క పిల్లలిద్దరూ. మా ఇంటి ఎత్తు ఎక్కుతుంటే పెద్దది గువ్వ వెనక్కి చూసి, "పిన్నీ, బస్టాపు చిన్నదైపోయింది," అంది.

అమ్మ కట్టు కట్టిన కాలు పీట మీద పెట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. కూర్చున్న చోటి నుంచే జీపు చుట్టూ కళ్లతో ఒకసారి తిరిగొచ్చింది.

"ఇది బండా, ఇనప్పెట్టా?"

"ఎక్కి చూడు, నువ్వే చెప్తావు," అన్నాడు నాన్న.

"ఎక్కడానికి నిచ్చెన కూడా కొన్నారా మరి?"

నాకంటే పదకొండేళ్లు పెద్దది ఈ జీపు. ఆకుపచ్చ రంగు, గుడ్డ టాపు, ముందుకి మడిచే అద్దం. చిన్న కార్లు మా ఎత్తు ఎక్కవు. ఎక్కే కొత్త బండ్లు మేం అడగడానికే భయపడే ధర. మా చేతికి అందినదీ, మా దారికి సరిపోయేదీ ఇదొక్కటే. ఇక పిల్లలు బడికి, అమ్మ కట్టు మార్పించుకోవడానికి, నేను ఆఫీసుకి, అందరం ఒకే బండిలో.

నిజం చెప్పాలంటే నాకు జీపుకంటే ముందు దాని పుస్తకం నచ్చింది. అమ్మినాయన మామగారు పదహారేళ్లు రాశారట. ఎప్పుడు నూనె మార్చారు, ఏ చక్రానికి ఏ నట్టు వేశారు, అన్నీ తేదీలతో, ముత్యాల్లాంటి అక్షరాలతో. ఒక చోట "ఈ రోజు తడి బండిని తుడవకుండా లోపల పెట్టాను, తప్పు నాదే" అని ఉంది. ఇంత శ్రద్ధగా రాసినాయన బండి చెడ్డదెలా అవుతుంది? చివరి ఆరేళ్లకి ఏమీ రాయలేదు. వయసు మీద పడి ఓపిక తగ్గి ఉంటుంది.

నంబర్లు నేనే సరిచూశాను. రోజూ చేసే పనే కదా. ఛాసీ మీద, అంటే బండి కింది ఇనప చట్రం మీద, నంబరు ఉండాల్సిన చోట రంగు దట్టంగా పూసి ఉంది. మా నీటి మీటర్ల ఆఫీసులో దానికో పద్ధతి ఉంది. మీటరు మీది నంబరు చదవడానికి వీల్లేకపోతే దానికి కట్టిన ఇత్తడి బిళ్ల మీది నంబరు చూసి రిజిస్టరులో టిక్కు పెట్టాలి. జీపుకీ లోపల ఇత్తడి బిళ్ల ఉంది. పుస్తకంలోని నంబరూ బిళ్ల మీది నంబరూ ఒకటే. టిక్కు పెట్టాను.

నేను అమ్మినాయనతో మాట్లాడుతుంటే నాన్న జీపు కిందికి దూరి, వెల్లకిలా పడుకుని, ఇనప దూలం పొడవునా చేత్తో తడుముతున్నాడు.

"తల్లీ, ఇక్కడ రంగు కింద ఏదో ఉంది."

"అన్నీ ఇందులో రాసి ఉన్నాయి నాన్నా."

"చదివావా?"

"మొత్తం చదివాను."

"అయితే సరే," అని చెయ్యి తీసేశాడు. లేచి లుంగీకి తుడుచుకున్నాడు.

జూన్ 4

మూడు రోజులుగా పొద్దున ఏడున్నరకి బయలుదేరుతున్నాం. నేనొక్కదాన్నే డ్రైవర్ని. నాన్నకి నడపడం వచ్చు, క్వారీలో ట్రాక్టరు నడిపాడు. కానీ లైసెన్సు పరీక్షలో చదివి జవాబులు చెప్పాలి, అందుకే వెళ్లలేదు.

అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టడానికి ఒక పద్ధతి కనిపెట్టాం. ముందు పీట, పీట మీంచి మెట్టు, మెట్టు మీంచి సీటు. నాన్న వెనకనుంచి ఎత్తుతాడు. "పెళ్లయిన ముప్పై ఏళ్లకి మీ నాన్నకి నన్ను ఎత్తుకునే ముచ్చట తీరుతోంది," అంటుంది అమ్మ. నాన్న వినపడనట్టు పీట తీసి వెనక పెడతాడు.

బడి దగ్గర పిల్లలంతా జీపు చుట్టూ మూగారు. గువ్వ దిగుతూ తలుపు రెండుసార్లు వేసింది. ఒకసారి మూయడానికి, ఇంకోసారి అందరూ చూడటానికి.

జూన్ 7

నాన్న క్వారీలో అందరికీ చెప్పుకుంటున్నాడట. "మా చిన్నది చదివి కొంది" అని. చూసి కొంది అనలేదు, చదివి కొంది అన్నాడు. అక్క చెప్పి నవ్వింది.

మా ఇంట్లో చదవడమంటే ఏమిటో బయటివాళ్లకి అర్థం కాదు. ఏ కాగితం వచ్చినా నేను వచ్చేదాకా గూట్లో ఉంటుంది. సాయంత్రం అందరూ కూర్చుంటారు. నేను పైకి చదువుతాను. చివర నాన్న "అయితే సరే" అంటాడు. ఆ మాటతో ఆ కాగితం పని అయిపోతుంది. నేను పుట్టకముందు నాన్న ఒక కాగితం మీద వేలిముద్ర వేశాడు. అందులో తను రాళ్లు చెక్కేవాడు కాదు, మోసేవాడు అని రాసి ఉందట. పదకొండేళ్లు చెక్కాడు, మోసేవాడి కూలే ఇచ్చారు. అందుకే అక్కని ఇంట్లో ఉంచి నన్ను బడికి పంపారు. నన్ను చంకనేసుకుని బడిదాకా దింపింది అక్కే.

ఆ మాట ఎవరూ గుర్తు చేయరు. చేయనవసరం లేదు.

జూన్ 9

స్టీరింగు కొంచెం ఎడమకి లాగుతోంది. పాత బండి కదా.

రేపు నూనె మార్చడానికి మేస్త్రి దగ్గర ఇస్తాను. ఆయన షెడ్డు మా ఆఫీసు వెనకే.

మధ్యాహ్నం అన్నం ఇవ్వడానికి క్వారీకి వెళ్లాను. నాన్న ఒక పెద్ద బండరాయి ముందు మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. రాయిలో వెంట్రుకంత పగులు. పగులు ఆగిన చోట సుద్దతో అడ్డంగా గీత పెట్టాడు. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మర్నాడు పగులు ఆ గీత దాటకపోతే రాయి ఎత్తుతారు. దాటితే దాని కిందికి ఎవర్నీ పోనివ్వడు, మేనేజరు అరిచినా సరే.

జూన్ 10, మంగళవారం

సాయంత్రం షెడ్డుకి వెళ్లేసరికి మేస్త్రి లేడు, దారిలో ఆగిపోయిన లారీ కోసం వెళ్లాడట. ప్రతి బండికీ చీటీ రాసి అద్దానికి పెట్టడం ఆయన అలవాటు. నాకూ పెట్టాడు. దాన్ని ఇక్కడ ఎక్కిస్తున్నాను.

"ఒకటి, ఇంజను నూనె, బ్రేకు నూనె మార్చాను. రెండు, హారను తీగ తెగింది, కలిపాను. మూడు, స్టీరింగు బాక్సు బిగించిన చోట ఛాసీకి పాత అతుకు ఉంది, దాని పక్కన పగులు, గీత పెట్టినవాళ్లకి చెప్పు, అతికించేదాకా నడపొద్దు. నాలుగు, రంగు గీకి చూశాను, ఛాసీ నంబరు నీ పుస్తకంలోది కాదు."

షెడ్డు ముందు నిలబడి నాలుగుసార్లు చదివాను. గీత ఏమిటో, ఎవరు పెట్టారో అర్థం కాలేదు. తొందరలో ఏదో రాసి ఉంటాడు.

నడిపే ఇంటికి తెచ్చాను. ఇంకెలా తేవాలి?

అన్నం తిన్నాక నాన్న "చీటీ ఇచ్చాడా మేస్త్రి?" అన్నాడు. అందరూ కూర్చున్నారు. బుడ్డిది అమ్మ ఒళ్లో నిద్రకి తూలుతోంది. చదివాను. ఒకటి చదివాను. రెండు చదివాను. మూడు దగ్గర, "స్టీరింగు దగ్గర కొంచెం చూసుకుంటూ నడపాలి" అని చదివాను.

"అంతేనా?" అన్నాడు నాన్న.

"అంతే."

"నాలుగు వరసలున్నట్టున్నాయే."

"నాలుగోది ఆయన సంతకం."

నాన్న చెయ్యి చాపాడు. చీటీ ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. "అయితే సరే" అన్నాడా, అనలేదా? అన్నట్టే గుర్తు.

జూన్ 11

నడపొద్దు అంటే ఎక్కువ దూరం నడపొద్దని. బరువు వేసి నడపొద్దని. మేస్త్రులు ఎప్పుడూ ఒక మెట్టు ఎక్కువే చెప్తారు, తర్వాత మాట రాకుండా.

మధ్యాహ్నం షెడ్డుకి వెళ్లాను. మేస్త్రి బోనెట్టులోంచి తల ఎత్తకుండానే అడిగాడు.

"నాన్నకి చెప్పావా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"శనివారం అతికించమన్నాడు. నంబరు సంగతి ఏంటి మేస్త్రీ?"

"ఏముంది. ఎక్కడో గట్టిగా గుద్దుకుని ఉంటుంది. పాత ఛాసీ పనికిరాక తుక్కులోంచి ఇంకోటి తెచ్చి దీని ఒళ్లు దానిమీద పెట్టారు. ఒళ్లు ఒక బండిది, ఎముకలు ఇంకో బండివి. నీ పుస్తకం ఒంటి గురించి రాసిందమ్మాయ్."

"కానీ బిళ్ల మీద నంబరు సరిపోయిందే."

"బిళ్ల ఒంటికే కదా కొట్టేది."

తల ఎత్తాడు. నా చేతిలో తాళంచెవి చూశాడు.

"శనివారం దాకా నడపట్లేదుగా?"

"లేదు," అన్నాను. తాళంచెవి సంచిలో వేసుకున్నాను.

శనివారానికి మూడు రోజులే. మేస్త్రికి తెలిసిన వెల్డింగు ఆయన వస్తాడు, రెండు గంటల పని. ఇంట్లో ఎవరికీ తెలియాల్సిన పని లేదు. తెలిస్తే ఏం లాభం, అమ్మ కాలికి ఎల్లుండి కట్టు మార్చాలి. అమ్మ నడిచి ఆ ఎత్తు దిగలేదు. దిగితే పుండు మళ్లీ తెరుచుకుంటుంది. నేను నడపకపోతే నష్టం అమ్మకే.

జూన్ 12

గుంతలు తప్పించి కొత్త దారిలో వెళ్తున్నాను. చిన్న చక్కెర మిల్లు పక్కనుంచి. పది నిమిషాలు ఎక్కువ. మలుపుల్లో మొదటి గేరు.

"పిన్నీ, మనల్ని సైకిల్ తాత దాటిపోయాడు," అంది బుడ్డిది.

"ఆయన ఊపిరి కూడా పీల్చుకోకుండా తొక్కుతున్నాడే. మనం హాయిగా పోతున్నాం."

"మనం తాబేలు," అంది గువ్వ. ఇద్దరూ పాట కట్టారు. దారంతా అదే పాట.

స్టీరింగు పట్టుకున్న చేతులు భుజాలదాకా నొప్పి. 

జూన్ 13

కట్టు మార్చారు. పుండు మానుతోంది, ఇంకో రెండు వారాలు కాలు మీద బరువు వేయొద్దన్నారు. చూశావా. నడపడమే మంచిదైంది.

నాన్న చొక్కా ఉతకడానికి తీశాను. జేబులో చీటీ లేదు.

"నాన్నా, ఆ చీటీ ఏదీ? ఆఫీసులో పని ఉంది."

"మీ ఆఫీసుకి నా జీపు చీటీ ఎందుకు?"

"ఊరికే."

"ఉండనీ. ఉంది నా దగ్గర."

నాన్నకి చదవడం రాదు. క్వారీ గుమాస్తాకి వచ్చు. మిల్లు వాచ్‌మన్‌కి వచ్చు. గువ్వ కూడబలుక్కుని చదువుతుంది. ఎవరి చేతికిచ్చినా ఒక్క నిమిషం పని.

జూన్ 14, శనివారం

వెల్డింగు ఆయన రాలేదు. నిప్పురవ్వ కంట్లో పడిందట, కట్టు కట్టారట. వచ్చే శనివారం అన్నాడు మేస్త్రి. ఇంకో ఆయన్ని పిలవలేమా అంటే, "ఛాసీ అతకడమంటే కిటికీ ఊచ అతకడం కాదు," అన్నాడు.

ఇంకో ఆరు రోజులు. ఇప్పటికి రెండు వారాలు నడిచింది కదా, ఏమీ కాలేదు. పగులు అక్కడ ఎన్నేళ్లుగా ఉందో. ఆరేళ్లూ ఎవరో నడిపారు కదా.

జూన్ 16

ఈరోజు ఏమీ జరగలేదు.

జూన్ 17, మంగళవారం

జీపు స్టార్టు కాలేదు. తాళం తిప్పితే చప్పుడే లేదు. నాన్న వచ్చి బోనెట్టు ఎత్తి చూసి, "బ్యాటరీ పోయినట్టుంది," అన్నాడు. ఎప్పటికి బాగవుతుందంటే చూద్దాం అన్నాడు.

నా ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయింది. మెట్టు మీద కూర్చుండిపోయాను. నేను ఆపలేదు, అదే ఆగింది. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు.

నేనూ అక్కా పిల్లల్ని నడిపించుకుని దిగాం. వెనక నాన్న, అమ్మ. ఇవాళ ఆస్పత్రికి ఎముకల డాక్టరు వచ్చే రోజు, మళ్లీ నెలకి గాని రాడు. నాన్న మోస్తానంటే అమ్మ ఒప్పుకోలేదు. అందరూ చూస్తారని. కర్ర పట్టుకుని, రాత్రి వానకి నానిన మట్టిలో, ఒక్కో అడుగూ వెతుక్కుంటూ దిగింది. బస్టాపు దగ్గర కట్టు మీద ఎర్రగా కనిపించింది.

"మీ ఇనప్పెట్టె పడుకుంది," అంది అమ్మ, నా చూపు చూసి. "నిలబడ్డది నా కాలే."

ఇప్పుడు ఆఫీసులో, భోజనం మాని, నిన్నటిది రాస్తున్నాను.

నిన్న పొద్దున వాన. అమ్మ కట్టు మార్పించుకునే రోజు, నా పక్క సీట్లో ఉంది. చక్కెర మిల్లు దాటాక దిగుడు, అక్కడ కుడికి మలుపు. కుడికి తిప్పాను. చేతుల్లో స్టీరింగు తిరిగింది. బండి తిరగలేదు. కింద ఎక్కడో టప్‌మని శబ్దం. ఇంకా తిప్పాను. గోడ వస్తోంది. బ్రేకు మీద నిలబడ్డాను. అప్పుడు చక్రాలు ఒక్కసారిగా కుడికి విరుచుకున్నాయి. జీపు అడ్డం తిరిగి ఆగింది. గోడకీ అమ్మ తలుపుకీ మధ్య నా చెయ్యి కూడా పట్టదు.

పిల్లలు నవ్వారు. "మళ్లీ పిన్నీ, మళ్లీ," అన్నారు.

అమ్మ నవ్వలేదు. గోడ వైపు చూస్తూ, "నెమ్మదిగా పోవే," అంది. 

అక్కణ్ణించి బడిదాకా మళ్లీ నేనే నడిపాను. సాయంత్రం ఇంటిదాకా కూడా. ఈ వాక్యం రాయడానికి నిన్న చెయ్యి రాలేదు.

జూన్ 18, బుధవారం

ఆఫీసుకి సెలవు పెట్టాను. అమ్మ పడుకుని ఉంది, కాలు వాచింది. అక్క పిల్లల్ని దింపడానికి వెళ్లింది. నాన్న క్వారీకి వెళ్లాడనుకున్నాను.

కొత్త బ్యాటరీ కొందామని కొలత చూడటానికి బోనెట్టు ఎత్తాను. బ్యాటరీ పోలేదు. తీగ విప్పి ఉంది. విప్పిన కొస ఎక్కడా తగలకుండా గుడ్డ చుట్టి దారంతో కట్టి ఉంది. ఆ ముడి నాన్నది. సుత్తి పిడికి కట్టే ముడి.

చాప పరుచుకుని జీపు కిందికి దూరాను. కొన్న రోజున నాన్న దూరిన చోటికే. ఇన్ని రోజులూ ఒక్కసారి దూరలేదు నేను. ఒక్కసారి కూడా.

పగులు కనిపించింది. అతుకు అంచున మొదలై, స్టీరింగు బాక్సు బోల్టు వైపు పాకింది. వెంట్రుకంత కాదు, గోరు దూరేంత. దానికి అడ్డంగా సుద్ద గీత. గీత కింద వరసగా సుద్ద చుక్కలు. లెక్కపెట్టాను. పదమూడు. జూన్ రెండు నుంచి పదహారు దాకా, రెండు ఆదివారాలు తీసేస్తే పదమూడు. మళ్లీ లెక్కపెట్టాను. బండి బయటికి తీసిన ప్రతి రోజుకీ ఒక చుక్క. రోజూ పొద్దున నేను పిల్లలకి జడలు వేస్తుంటే నాన్న వచ్చి చూసి, గీత దాటలేదని పెట్టుకున్న చుక్క.

పగులు ఆ గీత దాటి రెండు వేళ్ల దూరం పోయింది. అక్కడ ఇంకో గీత ఉంది. దాని కింద చుక్క లేదు.

రిజిస్టరుతో సరిచూసే పని నాది. ఇంతకంటే శుభ్రమైన రిజిస్టరు నేను చూడలేదు.

ఎంతసేపు అలా పడుకున్నానో తెలియదు. పక్కన నాన్న చెప్పులు కనిపించాయి. సుద్ద పొడి, ఎర్రమట్టి. ఆయన వంగలేదు. జీపు తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"చూశావా?"

"చూశాను నాన్నా."

ఆయన చెయ్యి కిందికి వచ్చింది. రెండు వేళ్ల మధ్య నాలుగు మడతల చీటీ.

"చదువు."

అక్కడే, ఆ పగులు కిందే, వెల్లకిలా పడుకుని చదివాను. ఒకటి. రెండు. మూడు, స్టీరింగు బాక్సు బిగించిన చోట ఛాసీకి పాత అతుకు ఉంది, దాని పక్కన పగులు, గీత పెట్టినవాళ్లకి చెప్పు, అతికించేదాకా నడపొద్దు.

"మూడోది ఇంకోసారి."

ఇంకోసారి చదివాను.

"నాలుగు?"

నాలుగు చదివాను. చెప్పులు కదల్లేదు.

"ముందు బయటికి రా తల్లీ. అక్కడ పడుకుని చదివేది కాదు అది."

బయటికి వచ్చాను. నాన్న మొహం వైపు చూడలేక చొక్కా గుండీల వైపు చూస్తూ అడిగాను.

"నీకు మొదటి రోజే తెలుసు కదా. ఎందుకు చెప్పలేదు?"

"వేలికి తగిలింది. కానీ నువ్వు మొత్తం చదివానన్నావు. అంత పెద్ద పుస్తకం. ఒక వేలు చెప్పేదెంత, పుస్తకం చెప్పేదెంత అనుకున్నా. అయినా మనసొప్పక గీత పెట్టా."

"మరి ఈ చీటీ చదివిన రోజు?"

"మూడోదాని దగ్గర ఊపిరి పీల్చుకున్నావు. నువ్వు చదివేటప్పుడు ఎప్పుడూ అలా ఆగవు. ఏదో మింగావని తెలుసు. గీత దాటలేదు కదా, నువ్వే చెప్తావులే అని ఊరుకున్నా. సోమవారం సాయంత్రం చూస్తే దాటింది. తీగ పీకేశా."

"సోమవారం సాయంత్రమా?"

"ఊ."

అప్పుడు చెప్పాను. సోమవారం పొద్దున, వాన, మిల్లు పక్క మలుపు, స్టీరింగు తిరిగి బండి తిరగకపోవడం, గోడకీ అమ్మ తలుపుకీ మధ్య ఉన్న దూరం. అమ్మ ఆయనకి చెప్పలేదు. నేను చెప్తానని అనుకుని ఉంటుంది.

నాన్న మెల్లగా పీట లాక్కుని కూర్చున్నాడు, అమ్మని ఎక్కించే పీట. చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని వాటినే చూసుకున్నాడు.

"పొద్దున నేను చుక్క పెట్టి పంపించా," అన్నాడు. "రాయి అయితే గీత దాటాక కూడా ఒక రోజు టైమిస్తుంది. ముందు చెప్తుంది. ముప్పై ఏళ్లుగా నాతో చెప్తోంది. ఇనుము కూడా చెప్తుందనుకున్నా."

నేను బిళ్ల చూసి టిక్కు పెట్టాను. నాన్న గీత చూసి చుక్క పెట్టాడు. ఆ మాట అనబోయాను. అనలేదు. రెండూ ఒకటి కాదు. నాన్న తనకి తెలిసినంతలో రోజూ చూశాడు. నేను చదివింది దాచాను.

జూన్ 19

అమ్మకీ అక్కకీ నేనే చెప్పాను. చీటీ మొత్తం చదివి వినిపించాను.

అమ్మ, "గోడ చూసినప్పుడే అనుకున్నా," అంది. అటు తిరిగి పడుకుంది.

అక్క లోపలికి వెళ్లింది. కాసేపటికి మళ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నిన్ను చంకనేసుకుని దింపింది దీనికా? నాకు రెండక్షరాలు వచ్చి ఉంటే నీ మొహం చూసి నమ్మేదాన్నా?"



జూన్ 20

అక్క మాట్లాడటం లేదు.

జూన్ 21, శనివారం

మేస్త్రి లారీతో వచ్చి జీపుని లాక్కెళ్లాడు. వెల్డింగు ఆయన కంటికి కట్టు విప్పారట. పగులు చూసి, చుక్కలు చూసి, మేస్త్రి నాన్న వైపు తిరిగాడు.

"గీత నీదేనా పెద్దాయనా?"

"నాదే."

"నా దగ్గరికి వచ్చుంటే బాగుండేది."

"నీ చీటీ వచ్చిందిగా నా దగ్గరికి," అన్నాడు నాన్న.

మేస్త్రి నా వైపు చూశాడు. ఇంక ఏమీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది.

జూన్ 22

జీపు పుస్తకం తీశాను. ఆ ముత్యాల్లాంటి అక్షరాల కింద, ఆరేళ్ల ఖాళీ తర్వాత, నా అక్షరాలతో రాశాను. ఈ పుస్తకం ఈ ఛాసీది కాదు. ఛాసీ అసలు నంబరు ఇది. పగులు ఇక్కడ. పగులు ఉందని తెలిసీ జూన్ పదకొండు నుంచి పదహారు దాకా, ఆదివారం తప్ప రోజూ నడిపాను. తప్పు నాదే.

ఎవరైనా ఎప్పుడైనా దీన్ని కొంటే చదవాలి.

జూన్ 25

రోజూ నడకే. పిల్లలు తాబేలు పాట మర్చిపోవడం లేదు. అమ్మని సోమ, శుక్రవారాలు నాన్న వీపున మోసుకుని దిగుతున్నాడు. చూసేవాళ్లు చూస్తున్నారు. "ఇప్పుడు తీరింది ముచ్చట," అంటోంది అమ్మ.

అక్క ఈరోజు నాతో ఒక మాట అంది. "ఉప్పు అటివ్వు."

జూన్ 28, శనివారం

జీపు వచ్చింది. మేస్త్రి స్వయంగా నడిపి తెచ్చాడు. కింద దూలానికి రెండు వైపులా మందపాటి రేకులు, బోల్టుల చుట్టూ కొత్త ఇనుము. నాన్న కిందికి దూరి చేత్తో తడిమాడు. చాలాసేపు తడిమాడు. తర్వాత నన్ను కూడా రమ్మన్నాడు. పక్కపక్కన పడుకుని చూశాం. పాత గీతలు, చుక్కలు గీకేశారు.

సాయంత్రం చీటీ చదవడానికి అందరూ కూర్చున్నారు. అక్క కూడా వచ్చింది, గుమ్మం దగ్గరే నిలబడింది. నేను చీటీ విప్పుతుంటే నాన్న గువ్వని పిలిచాడు.

"నువ్వు పిన్ని పక్కన కూర్చో. ఆమె చదువుతుంటే వేలు పెట్టి చూడు."

గువ్వ చాప మీద పాకుతూ వచ్చి నా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుంది. గోటి కింద రంగు పెన్సిలు పొడి. వేలు మొదటి అక్షరం మీద పెట్టింది. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ ఆ వేలు వైపు చూశారు.

చదివాను. ఒకటి, ఛాసీకి రెండు పక్కలా రేకులు వేసి అతికించాను. రెండు, స్టీరింగు బాక్సు బోల్టులు కొత్తవి వేశాను. వేలు నాకంటే అర అంగుళం వెనక వస్తోంది, ఒక్కో అక్షరమూ తొక్కుకుంటూ.

మూడు దగ్గర గొంతు పట్టేసింది. నిజంగానే పట్టేసింది, ఇంకేం కాదు. ఆగాను.

వేలు ఆగలేదు.

"ఆ-రు నె-ల-ల-కి ఒ-క-సా-రి," గువ్వ కూడబలుక్కుంటూ గట్టిగా చదివింది, "తె-చ్చి చూ-పిం-చా-లి. చూ-పిం-చ-క-పో-తే న-డ-పొ-ద్దు." అక్కడితో అయిపోలేదేమోనని కాగితం తిప్పి వెనక వైపు కూడా చూసింది. "అంతే తాతయ్యా. వెనక ఏమీ లేదు."

గుమ్మం దగ్గర అక్క గాజుల చప్పుడైంది.

"చదివావా?" అన్నాడు నాన్న.

"మొత్తం చదివా."

"అయితే సరే," అన్నాడు నాన్న, దాని తల మీద చెయ్యి వేసి.